పాత పికప్ ట్రక్కుల వైపర్, వాషర్ స్విచ్‌లు: సరైనదాన్ని గుర్తుపట్టడం ఎలా? (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇక్కడి ప్రశ్నల్లో ఎక్కువ భాగం 1940ల చివరి నుంచి 1970ల చివరి దాకా వచ్చిన అమెరికన్ పికప్‌ల గురించే. షెవర్లే, జీఎంసీ, ఫోర్డ్ గురించి ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది వాటి గురించే.

స్విచ్ పాడైంది. కొత్తది కొనేముందు ఏం చూడాలి?

మోటార్ చూడండి. మోటార్ ఏదో తెలియకుండా స్విచ్ కొనడం, తాళం చూడకుండా తాళంచెవి కొన్నట్టే. డాష్‌బోర్డ్‌లో ఇప్పుడున్న స్విచ్‌ను ఫొటో తీసి, అలాంటిదే వెతికి తెప్పించుకునేవాళ్లు చాలామంది. కానీ యాభై అరవై ఏళ్ల బండిలో ఇప్పుడున్న స్విచ్ అసలుదే అన్న హామీ ఏముంది? మధ్యలో ఎవరో దొరికింది పెట్టి ఉండొచ్చు. మోటార్‌ను మార్చిన సందర్భాలూ ఉంటాయి గానీ, కనీసం మోటార్ ఏదో తేలితే దానికి ఎలాంటి స్విచ్ కావాలో తేల్చుకోవచ్చు. స్విచ్‌ను బట్టి మోటార్‌ను ఊహించడం కుదరదు.

నా బండిలో ఉన్నది వాక్యూమ్ వైపరా, ఎలక్ట్రిక్ వైపరా? తేడా ఎలా తెలుస్తుంది?

ఇంజిన్ ఆపేసి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, వైపర్ నాబ్ తిప్పండి. ఎలక్ట్రిక్ అయితే మోటార్ తిరుగుతుంది, కనీసం తిరగడానికి ప్రయత్నిస్తున్న చప్పుడైనా వస్తుంది. వాక్యూమ్ అయితే ఏ చలనమూ ఉండదు. అప్పుడే ఇంజిన్ ఆపితే మిగిలిన వాక్యూమ్‌తో కొంచెం కదలొచ్చు, అంతే.

తరవాత బానెట్ ఎత్తి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబ్‌కూ మధ్య ఉండే లోహపు గోడ) దగ్గర చూడండి. వైపర్ మోటార్‌కు ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి (లేదా ఫ్యూయల్ పంప్ నుంచి) రబ్బరు గొట్టం వస్తుంటే, కరెంట్ వైరు ఏదీ లేకపోతే అది వాక్యూమ్ మోటార్. ఇంజిన్ లోపలికి గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే వాక్యూమ్‌తోనే అది నడుస్తుంది. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది, వైపర్లు నీరసపడిపోతాయి. కాలు తీస్తే ఒక్కసారిగా పరుగెడతాయి. ఈ ఇబ్బంది తగ్గించడానికే కొన్ని బండ్లలో ఫ్యూయల్ పంప్‌కు రెండో డయాఫ్రం కలిపి వాక్యూమ్ బూస్టర్‌గా వాడారు. ఈ మోటార్లు తయారుచేసిన వాటిల్లో ట్రికో పేరు బాగా తెలిసిందే, మోటార్ మీద ఆ పేరు కనిపించవచ్చు.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వాక్యూమ్ వైపర్‌కు ఎలక్ట్రికల్ అర్థంలో స్విచ్ ఉండదు. డాష్ మీద ఉండే నాబ్ ఒక కేబుల్‌నో కడ్డీనో లాగి, మోటార్ మీది వాల్వ్‌ను తెరుస్తుంది, మూస్తుంది. నాబ్ ఎంత తిప్పితే అంత వేగం. మధ్యలో క్లిక్‌లు ఉండవు. కాబట్టి అమ్మకానికి పెట్టినవాటిలో వెతికేటప్పుడు "వైపర్ స్విచ్" అని కాకుండా "వైపర్ కంట్రోల్" అని వెతకండి. 1950ల ట్రక్కుల్లో వాక్యూమ్ వైపర్ స్టాండర్డ్‌గా, ఎలక్ట్రిక్ ఆప్షన్‌గా వచ్చినవి ఉన్నాయి. అంటే ఒకే ఏడాది, ఒకే మోడల్ బండ్లు రెండు పక్కపక్కనే నిలబడి ఉన్నా, ఒకదాని నాబ్ మరోదానికి పనికిరాకపోవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొందరు వాక్యూమ్ తీసేసి ఎలక్ట్రిక్ కిట్ బిగించి, అందం కోసం పాత నాబ్‌ను డాష్ మీద అలాగే ఉంచి, అసలు స్విచ్‌ను డాష్ కింద ఎక్కడో దాచిపెడతారు. నాబ్ వదులుగా తిరుగుతూ దేన్నీ కదిలించకపోతే కింద చెయ్యి పెట్టి వెతకండి. కిట్‌తో వచ్చే స్విచ్ ఆ కిట్ మోటార్ కోసమే చేసింది. అది పాడైతే కిట్ తయారుచేసినవాళ్ల దగ్గరే అడగాలి, ట్రక్ మోడల్ పేరుతో వెతికితే దొరకదు.

మోడల్ సంవత్సరం చెబితే సరిపోదా?

చాలాసార్లు సరిపోదు. దీనికి మంచి ఉదాహరణ 1955 షెవర్లే. ఆ ఏడాది మొదట్లో అమ్మినవి పాత అడ్వాన్స్ డిజైన్ బాడీతో, 6 వోల్టుల కరెంట్‌తో వచ్చాయి. వీటిని ఫస్ట్ సిరీస్ అంటారు. మార్చి చివర్లో టాస్క్ ఫోర్స్ అనే కొత్త డిజైన్ ట్రక్కులు వచ్చాయి, అవి 12 వోల్టులవి, సెకండ్ సిరీస్. కాగితాల మీద రెండూ 1955లే. డాష్‌బోర్డ్‌లు వేరు, కరెంట్ వేరు, భాగాలు వేరు. ఎవరైనా "1955 షెవీ ట్రక్ స్విచ్" అని మాత్రమే రాసి అమ్ముతుంటే, ఏ సిరీస్ అని అడగకుండా డబ్బు కట్టకండి.

ఫోర్డ్ ట్రక్కులు 1956లో 12 వోల్టులకు మారాయి. అంతకుముందు 6 వోల్టులు, అదీ పాజిటివ్ ఎర్త్. అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది.

వీటితో పాటు రిజిస్ట్రేషన్ కాగితం మీది సంవత్సరం ఎప్పుడూ తయారీ సంవత్సరం కాదు. పాత రోజుల్లో అమ్ముడైన ఏడాదినే రాసిన సందర్భాలు ఉన్నాయి. క్యాబ్ మొత్తం మార్చేసిన బండ్లూ ఉంటాయి. ఛాసిస్ 1964ది, క్యాబ్ 1966ది అయితే మీకు కావాల్సింది 1966 స్విచ్.

పేరు చూసి మోసపోయే ఇంకో చోటు చిన్న ట్రక్కులు. షెవర్లే లవ్‌ను తయారుచేసింది ఇసుజు. ఫోర్డ్ కొరియర్‌ను మాజ్డా చేసింది. 1979 నుంచి వచ్చిన డాడ్జ్ డీ-50 మిత్సుబిషిది. బానెట్ మీద అమెరికన్ పేరున్నా, లోపలి ఎలక్ట్రికల్ భాగాలు జపాన్ కంపెనీలవే. ఫోర్డ్ వాళ్ల పెద్ద పికప్ ఎఫ్-100 స్విచ్ కొరియర్‌కు పట్టదు.

6 వోల్టుల బండికి 12 వోల్టుల స్విచ్ వాడొచ్చా?

మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ అయితే వోల్టేజ్‌ను పెద్దగా పట్టించుకోదు, ప్లస్ ఎర్తా మైనస్ ఎర్తా అన్నదీ దానికి తేడా లేదు. కానీ అదే పని చేయడానికి 6 వోల్టుల మోటార్ దాదాపు రెట్టింపు కరెంట్ లాగుతుంది. సన్నటి కాంటాక్టులున్న 12 వోల్టుల స్విచ్ వేడెక్కి మాడొచ్చు. 6 వోల్టుల స్విచ్‌ను 12లో వాడితే కాంటాక్టుల పరంగా ఇబ్బంది తక్కువ. వేగం తగ్గించే రెసిస్టర్ స్విచ్ లోపలే ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ వదిలేయండి. ఆ రెసిస్టర్‌ను ఒక వోల్టేజ్‌కే లెక్కగట్టి పెడతారు.

సింగిల్ స్పీడ్, టూ స్పీడ్ స్విచ్‌లను బయటి నుంచి ఎలా గుర్తుపట్టాలి?

వెనుక టెర్మినల్స్ లెక్కపెట్టండి, నాబ్ తిప్పితే ఎన్ని చోట్ల నిలుస్తుందో చూడండి. ఆఫ్, ఆన్ అని రెండే ఉంటే సింగిల్. ఆఫ్, లో, హై అని మూడుంటే టూ స్పీడ్. 1960ల మొదటి సగంలో చాలా పికప్‌లకు సింగిల్ స్పీడ్ మామూలుగా వచ్చేది, టూ స్పీడ్‌కు అదనంగా కట్టాల్సి వచ్చేది. 1960ల చివర్లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన భద్రతా ప్రమాణం నంబర్ 104 ప్రకారం వైపర్‌కు కనీసం రెండు వేగాలుండాలి. ఒకటి నిమిషానికి 45 సార్లకు తక్కువ కాకూడదు, ఇంకోటి 20కి తక్కువ కాకూడదు, రెండింటి మధ్య కనీసం 15 తేడా ఉండాలి. అద్దం మీద నీళ్లు చిమ్మే వాషర్ కూడా ఉండి తీరాలి. అందుకే ఆ తరవాతి బండ్లలో సింగిల్ స్పీడ్ స్విచ్ కనిపిస్తే అనుమానించాల్సిందే.

షెవర్లే, జీఎంసీ స్విచ్‌కు "ఎర్త్ స్విచ్" అంటారేమిటి?

ఇది అర్థమైతే జీఎం (జనరల్ మోటార్స్, షెవర్లే, జీఎంసీ రెండూ దానివే) ట్రక్కుల సగం టెన్షన్ పోతుంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

మామూలుగా మనం అనుకునేది ఏమిటంటే, ఫ్యూజ్ నుంచి కరెంట్ స్విచ్‌లోకి వస్తుంది, స్విచ్ దాన్ని మోటార్‌కు పంపుతుంది. 1960లు, 70ల తొలినాళ్ల జీఎం టూ స్పీడ్ మోటార్లలో అలా ఉండదు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఫ్యూజ్ గుండా 12 వోల్టులు నేరుగా మోటార్‌కే వెళ్లి కూర్చుంటాయి. స్విచ్ చేసేదల్లా మోటార్ నుంచి వచ్చే రెండు కంట్రోల్ వైర్లను ఎర్త్‌కు కలపడం, విడదీయడం. రెండు వైర్లూ ఎర్త్ అయితే నిదానం, ఒక్కటే ఎర్త్ అయితే వేగం. ఇది తలకిందులుగా అనిపించవచ్చు. రెండో వైరు మోటార్‌లోని షంట్ ఫీల్డ్‌ది, అంటే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే తీగచుట్టది. దానికి పూర్తి కరెంట్ వెళితే అయస్కాంత క్షేత్రం బలంగా ఉండి మోటార్ నిదానంగా తిరుగుతుంది. ఆ వైరు వదిలేస్తే షంట్ కరెంట్ రెసిస్టర్ గుండా పోయి బలహీనపడుతుంది, మోటార్ వేగం అందుకుంటుంది.

దీన్నుంచి తేలేవి చూడండి. వైపర్ ఎప్పుడూ హై స్పీడ్‌లోనే తిరుగుతూ లో పనిచేయకపోతే, రెండో వైరు ఎక్కడో తెగి ఉండొచ్చు, లేదా స్విచ్‌లో ఆ కాంటాక్ట్ పోయి ఉండొచ్చు. స్విచ్ బాడీకి సరైన ఎర్త్ లేకపోతే అసలేమీ కదలదు, లేదా పిచ్చిపిచ్చిగా పనిచేస్తుంది. డాష్‌బోర్డ్‌కు కొత్తగా పెయింట్ కొట్టించిన బండ్లలో ఈ ఫిర్యాదు తరచూ వస్తుంది. స్విచ్ తగిలే చోట కూడా పెయింట్ పడి, లోహానికీ స్విచ్‌కూ సంబంధం తెగిపోతుంది. స్విచ్ వెనక నట్ తగిలేచోట కాస్త గీకి చూడండి, ఎర్త్ వైరు విడిగా ఉంటే దాని కొసను శుభ్రం చేయండి. చాలాసార్లు కొత్త స్విచ్ కొనక్కర్లేకుండానే పని అయిపోతుంది. మోటార్ రబ్బరు బుష్‌ల మీద బిగించి ఉంటుంది కాబట్టి దానికి కూడా విడిగా ఎర్త్ పట్టీ ఉండాలి. పెయింట్ పనికి విప్పినప్పుడు ఆ పట్టీ ఎక్కడో పారేసి, మళ్లీ బిగించనివాళ్లు ఎంతమందో.

కరెంట్ పంపే తరహా స్విచ్‌ను ఇలాంటి మోటార్‌కు పెడితే మోటార్ తిరగదు. రెండు కొసలా 12 వోల్టులే ఉంటే కరెంట్ ఎటు పారుతుంది? ఎర్త్ స్విచ్‌ను తీసుకెళ్లి ఫోర్డ్ లాంటి బండిలో పెడితే ఇంకా చెడ్డది. ఫ్యూజ్ నుంచి వచ్చే కరెంట్ నేరుగా బాడీకి కలుస్తుంది, షార్ట్.

స్విచ్ ఏ రకమో చేతిలో పెట్టుకుని తేల్చడం ఎలా?

మల్టీమీటర్‌ను కంటిన్యుటీ (రెండు చోట్ల మధ్య కరెంట్ దారి ఉందో లేదో చూపే సెట్టింగ్) మీద పెట్టండి. ఒక ప్రోబ్ స్విచ్ లోహపు బాడీకి, రెండోది ఒక్కో టెర్మినల్‌కు ఆనించి, నాబ్ ఒక్కో స్థానంలో ఉంచి రాసుకోండి. నాబ్ తిప్పినప్పుడు టెర్మినళ్లు బాడీతో కలుస్తుంటే అది ఎర్త్ స్విచ్. టెర్మినళ్లు ఒకదానితో ఒకటి కలుస్తూ, బాడీతో మాత్రం ఎప్పుడూ కలవకపోతే అది కరెంట్ పంపే స్విచ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇలా రాసుకున్న చిన్న పట్టిక, మీ బండి వైరింగ్ డయాగ్రామ్‌తో సరిపోలితే చాలు, పార్ట్ నంబర్ లేకపోయినా ధైర్యంగా బిగించవచ్చు.

ఫోర్డ్ ట్రక్కుల్లో ఎలా ఉంటుంది?

ఫోర్డ్ ఎలక్ట్రిక్ వైపర్లలో సాధారణంగా కరెంట్ స్విచ్ గుండా మోటార్‌కు వెళుతుంది. వైపర్ ఆపినప్పుడు బ్లేడ్లు కిందికి వచ్చి నిలబడే పార్క్ సర్క్యూట్ వైర్లు కూడా స్విచ్ దగ్గరికే వస్తాయి. అందుకే టెర్మినళ్లు ఎక్కువ, గందరగోళమూ ఎక్కువ. కొన్ని ఫోర్డ్ స్విచ్‌లలో సర్క్యూట్ బ్రేకర్ లోపలే ఉంటుంది. వైపర్లు కాసేపు తిరిగి, ఆగి, మళ్లీ వాటంతటవే తిరుగుతుంటే స్విచ్‌ను తిట్టుకోకముందు మోటార్, దాన్ని బ్లేడ్లకు కలిపే కడ్డీలు (లింకేజ్) బిగుసుకుపోయాయేమో చూడండి. బరువు ఎక్కువై బ్రేకర్ తన పని తాను చేస్తోంది.

ఫోర్డ్‌లో ఒక సుఖం ఉంది, పార్ట్ నంబర్ చదవడం తేలిక. మొదటి అక్షరం దశాబ్దం: బి అంటే 1950లు, సి అంటే 1960లు, డి అంటే 1970లు. రెండోది ఆ దశాబ్దంలో సంవత్సరం. మూడో అక్షరం టి అయితే ట్రక్. అంటే "సి5టి" అని మొదలైతే 1965 ట్రక్ కోసం రూపొందించిన భాగం. మధ్యలో ఉండే 17ఎ553 అన్నది వైపర్ స్విచ్‌కు ఫోర్డ్ వాడే మూల సంఖ్య. మధ్య సంఖ్య అది కాకపోతే, అమ్మేవాళ్లు ఏమని రాసినా, ఆగి ఆలోచించండి.

రెండు జాగ్రత్తలు. నంబర్‌లోని సంవత్సరం ఆ భాగాన్ని రూపొందించినది. అదే భాగాన్ని తరవాత చాలా ఏళ్లు వాడి ఉండొచ్చు, కాబట్టి 1967 బండిలో సి5 నంబర్ కనిపించినంత మాత్రాన తప్పు కాదు. అలాగే భాగం మీద అచ్చేసిన ఇంజినీరింగ్ నంబర్, డబ్బా మీద ఉండే సర్వీస్ నంబర్ ఒకటే కానక్కర్లేదు. సర్వీస్ నంబర్‌లో నాలుగో అక్షరం జెడ్ ఉంటుంది, భాగం మీద ఇంకేదో ఉంటుంది.

డాడ్జ్, ఇంటర్నేషనల్ ట్రక్కులకు?

ఆ ఏడాది ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ డయాగ్రామ్ లేకుండా కొనకండి. పైన చెప్పిన మల్టీమీటర్ పరీక్ష వీటికీ పనికొస్తుంది.

స్విచ్ ఆపితే బ్లేడ్లు ఎక్కడుంటే అక్కడే ఆగిపోతున్నాయి. స్విచ్ తప్పా?

కావచ్చు. ఎలక్ట్రిక్ వైపర్‌లో ఆఫ్ చేశాక కూడా బ్లేడ్లు తమ చోటుకు చేరేదాకా మోటార్‌కు పార్క్ స్విచ్ గుండా కరెంట్ అందాలి. ఆ పార్క్ స్విచ్ మోటార్ గేర్ దగ్గర ఉంటుంది. కొత్త స్విచ్ పెట్టిన రోజు నుంచే ఈ సమస్య మొదలైతే, పార్క్ టెర్మినల్ లేని లేదా వేరే అమరిక ఉన్న స్విచ్ వచ్చిందని అర్థం. పాత స్విచ్‌తోనే మెల్లగా మొదలైతే మోటార్‌లోని పార్క్ కాంటాక్టులు అరిగి ఉంటాయి. ఆఫ్ చేసినా వైపర్లు ఆగకుండా తిరుగుతూనే ఉండటం కూడా ఈ కుటుంబపు జబ్బే.

వాషర్‌కు విడిగా స్విచ్ ఉంటుందా?

అది మీ బండి వాషర్ ఏ రకమో అన్నదాన్ని బట్టి. పాత పికప్‌లలో కనీసం నాలుగు రకాలు చూస్తాం.

కొన్నింటిలో నేల మీద రబ్బరు బల్బు ఉంటుంది. కాలితో తొక్కితే నీళ్లు అద్దం మీద పడతాయి. వీటికి ఎలక్ట్రికల్ స్విచ్ అన్నదే లేదు. ఇలాంటి బండికి వాషర్ బటన్ ఉన్న స్విచ్ కొంటే ఆ టెర్మినల్ ఖాళీగా మిగులుతుంది, నష్టమేమీ లేదు.

వాక్యూమ్ వైపర్ల కాలంలో గాజు సీసా, దాని మూత మీద వాక్యూమ్‌తో నడిచే చిన్న పంపు ఉండే రకం వచ్చింది. డాష్ మీది బటన్ నొక్కితే వాక్యూమ్ దారి తెరుచుకుంటుంది. బటన్ వెనుక వైర్లకు బదులు సన్నటి గొట్టాలు కనిపిస్తే ఇదే.

మూడోది జీఎం వాళ్లది, కాస్త తెలివైన ఏర్పాటు. వాషర్ పంపు వైపర్ మోటార్ మీదే కూర్చుని ఉంటుంది, మోటార్ గేర్ దాన్ని ఆడిస్తుంది. బటన్ నొక్కితే పంపులోని కాయిల్ పనిచేసి పంపును గేర్‌కు కలుపుతుంది, అదే నొక్కుతో వైపర్ కూడా మొదలవుతుంది. కాబట్టి వాషర్ పనిచేయాలంటే వైపర్ తిరగాలి. నాబ్ నొక్కితే వైపర్ కదులుతుంది గానీ నీళ్లు రావడం లేదంటే, పంపు, గొట్టాలు, నాజిల్ చూడండి. వైపర్ కూడా కదలకపోతే స్విచ్‌నో ఎర్త్‌నో అనుమానించండి.

నాలుగోది ఇప్పటి బండ్లలో లాంటి విడి ఎలక్ట్రిక్ పంపు. 1970ల ఫోర్డ్‌లలో నీళ్ల డబ్బా దగ్గర ఉంటుంది. దీనికి స్విచ్ నుంచి కరెంట్ వెళ్లాలి.

మూడు, నాలుగు రకాల స్విచ్‌లు బయటికి ఒకేలా కనిపించవచ్చు. రెండింటికీ నాబ్ నొక్కితే వాషర్. తేడా తెలుసుకోవడానికి బాడీతో కంటిన్యుటీ పరీక్ష ఒక్కటే దారి.

ఇంటర్వల్ వైపర్ స్విచ్‌ను మామూలు బండికి పెట్టొచ్చా?

నేరుగా పెట్టలేరు. ఆగి ఆగి తిరిగే వైపర్‌కు విడిగా ఒక ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కావాలి. స్విచ్, మాడ్యూల్, వాటి వైరింగ్ మూడూ కలిపి ఒక బండి నుంచి తీసుకుంటే తప్ప పని అవదు. అలాగే ఇంటర్వల్ ఉన్న బండికి మామూలు స్విచ్ పెడితే మాడ్యూల్ పనిలేకుండా పోతుంది.

షాఫ్ట్, నాబ్, నట్ సంగతి ఏమిటి?

కరెంట్ పరంగా సరైన స్విచ్ కూడా డాష్‌లో పట్టకపోవచ్చు. షాఫ్ట్ పొడవు, దాని మందం, ఒకవైపు చదునుగా ఉందా గుండ్రంగా ఉందా అన్నది కొలవండి. నాబ్‌ను చిన్న స్క్రూ పట్టుకుంటుందా, స్ప్రింగ్ క్లిప్పా అన్నది కూడా చూడండి. డాష్ మందం ఎంతో, మెడ మీది మరల పొడవు అంతకు సరిపోవాలి. పాత స్విచ్ విప్పినప్పుడు ముందుండే అలంకారపు నట్‌ను జాగ్రత్తగా దాచుకోండి, కొత్త స్విచ్‌లతో అది రాకపోవడం మామూలే. దాన్ని ప్లయర్‌తో తిప్పితే క్రోమ్ గీసుకుపోతుంది. గాళ్లున్న నట్ అయితే ఆ గాళ్లలో పట్టే పరికరమే వాడాలి.

పాత స్టాక్ మంచిదా, కొత్తగా చేసిన నకలు మంచిదా?

అమ్మకుండా మిగిలిపోయిన ఫ్యాక్టరీ స్టాక్ దొరికితే నా ఓటు దానికే, కానీ డబ్బా తెరిచి చూశాకే. దశాబ్దాలుగా చేతులు మారిన డబ్బాలో వేరే స్విచ్ ఉండటం అరుదేమీ కాదు. డబ్బా నంబర్, స్విచ్ మీది నంబర్ రెండూ ఫొటో అడగండి. ఏళ్ల తరబడి పడి ఉన్న స్విచ్‌లో గ్రీజు గట్టిపడి ఉండవచ్చు, నాబ్‌ను పదిసార్లు అటూ ఇటూ తిప్పితే కాంటాక్టులు శుభ్రపడతాయి. నకళ్లలో మంచివీ ఉన్నాయి. వాటితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, ఒకే స్విచ్‌ను "1960 నుంచి 1972 దాకా అన్నిటికీ" అని అమ్మడం. అంత పొడవాటి జాబితా కనిపిస్తే టెర్మినళ్ల ఫొటో అడిగి, మీ కనెక్టర్‌తో పోల్చి చూసుకోండి.

ఆన్‌లైన్‌లో కొనేముందు అమ్మేవాళ్లను ఏం అడగాలి?

వెనుక వైపు ఫొటో, అచ్చేసిన నంబర్ ఫొటో, షాఫ్ట్ పక్కన స్కేల్ పెట్టి తీసిన ఫొటో. ముందు వైపు ఫొటో ఒక్కటే పెట్టి మిగతావి పంపనంటే వదిలేయండి. ఏ బండి నుంచి తీశారో, ఆ బండిలో వైపర్ టూ స్పీడా, వాషర్ ఉందా అనేది కూడా అడగండి.

పాత స్విచ్‌నే బాగుచేసుకోవచ్చా?

చాలావాటిని చేసుకోవచ్చు. బాడీ అంచున వంచిన లోహపు చెవులను నిదానంగా పైకెత్తితే లోపలి బోర్డు బయటికి వస్తుంది. ముందు ఫొటో తీసుకోండి, ఎందుకంటే లోపల చిన్న స్ప్రింగ్, బాల్ ఎగిరి ఎటో పోతాయి. ఒక గుడ్డ పరిచి దాని మీద విప్పండి. కాంటాక్టుల మీది నల్లటి మసిని సన్నటి ఎమెరీ కాగితంతో తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కదిలే చోట కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి, చెవులు మళ్లీ వంచండి. చెవులు రెండోసారి వంచడానికి ఒప్పుకుంటాయి, మూడోసారి విరిగే అవకాశం ఎక్కువ. బోర్డు మాడి బొగ్గయితే, రివెట్లు వదులైతే ఆ శ్రమ దండగ.

స్విచ్ పోయిందని ఖాయం చేసుకోవడం ఎలా?

స్విచ్‌ను పక్కనపెట్టి మోటార్‌ను నేరుగా నడిపి చూడండి. జీఎం టూ స్పీడ్ మోటార్ అయితే స్విచ్ కనెక్టర్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కంట్రోల్ వైర్లను వైర్ ముక్కతో మంచి ఎర్త్‌కు ఆనించండి. రెండూ కలిపితే నిదానంగా, ఒకటి వదిలితే వేగంగా తిరిగితే మోటార్, వైరింగ్ బాగున్నట్టే, స్విచ్‌నో దాని ఎర్త్‌నో చూసుకోవాలి. ఏది కంట్రోల్ వైరో డయాగ్రామ్‌లో చూసుకోకుండా మాత్రం దేన్నీ ఎర్త్‌కు ఆనించకండి. పొరపాటున కరెంట్ తెచ్చే ఫీడ్ వైరు తగిలితే ఫ్యూజ్ పోతుంది. ఫోర్డ్ లాంటి బండికి మోటార్ దగ్గర కనెక్టర్ తీసి, డయాగ్రామ్ ప్రకారం లో, హై టెర్మినళ్లకు ఫ్యూజ్ ఉన్న వైరుతో 12 వోల్టులు ఇచ్చి చూడాలి. ఈ పరీక్షలు చేసేటప్పుడు బ్లేడ్లను అద్దం నుంచి ఎత్తి పెట్టండి, చేతులను లింకేజ్‌కు దూరంగా ఉంచండి. ఈ మోటార్లకు వేళ్లు నలిపేంత బలం ఉంటుంది.